మూడు బంతులతో కొల్లేటికి

ఏలూరు

కొల్లేరు చూడ్డానికి వెళ్ళేవాళ్ళు కెమెరా పట్టుకెళతారు. నేను మూడు బౌలింగ్ బంతులు పట్టుకెళ్ళాను. ఒక్కోటి ఏడు కిలోలకు కాస్త తక్కువ. మూడింటినీ మోసే చక్రాల సంచి ఏలూరు స్టేషన్ మెట్ల మీద ఒక చక్రాన్ని వదిలేసింది. అది ప్లాట్‌ఫారం మీద తన దారిన తాను దొర్లిపోతుంటే వెనకాల నేను. యాభై ఎనిమిదేళ్ళవాడు చక్రం వెంట పరుగెత్తడం చూసి ఒక పెద్దావిడ కాలు అడ్డం పెట్టి దాన్ని ఆపింది. "తీసుకోండి బాబూ" అని చేతికిచ్చి, నవ్వు వస్తున్నా నవ్వకుండా వెళ్ళిపోయింది.

ఆటో అతను సంచి ఎత్తబోయి మళ్ళీ కింద పెట్టేశాడు.

"ఏవండీ, తిరగలి రాళ్ళాండీ?"

"బంతులు" అన్నాను.

"ఆడుకునే బంతులేనాండీ?"

"అవును."

"ఈ వయసులో ఇంత బరువుతో ఆడతన్నారంటే గొప్పోరండి మీరు."

మా నంద్యాల వైపయితే "పనీపాటా లేదా సామీ నీకు?" అని మొహం మీదే అడిగేవాళ్ళు. ఇక్కడ అదే మాటకి 'అండీ' తగిలించి పొగడ్తగా అప్పజెబుతారు. ముప్పై ఏళ్ళుగా హైదరాబాదులో ఉంటున్నాను కాబట్టి నాకు రెండూ అలవాటు తప్పిపోయాయి. సంచి నేనే ఎత్తిపెట్టి ఆటో ఎక్కి కూర్చున్నాను.

ఈ ఆట తెలియనివాళ్ళకి రెండు ముక్కలు చెప్పాలి. అరవై అడుగుల పొడవున్న సన్నటి చెక్క బాట, దాన్ని లేను అంటారు, దాని పలకల్ని కుడి అంచు నుంచి లెక్కపెడతారు. దాని చివర పది పిన్నులు నిలబడి ఉంటాయి. బంతి దొర్లించి వాటిని పడగొట్టాలి. ఇంతవరకూ పిల్లలకైనా అర్థమవుతుంది. అసలు తిరకాసు నూనెలో ఉంది. లేను మీద మొదటి నలభై అడుగుల మేర పలచగా నూనె పూస్తారు. అది కంటికి కనిపించదు. నూనె ఉన్నంతసేపూ బంతి జారుతుంది, నూనె అయిపోయిన చోట పట్టు దొరికి వంపు తిరిగి పిన్నుల మీద పడుతుంది. ఆట సాగేకొద్దీ ఆ నూనెను బంతులే తాగేస్తాయి. పొద్దున పనిచేసిన దారి సాయంత్రానికి పనికిరాదు. ఏ బంతి ఎప్పుడు తియ్యాలి, ఎప్పుడు ఎంత పక్కకి జరగాలి అన్నదే ఈ విద్య.

ఆ విద్య నాకు లేదు. నాకున్నది చెయ్యి ఒక్కటే. విద్య ఉన్నవాడు సత్యం.

సత్యం కొల్లేటి లంక మనిషి. చేపల మేత అమ్మే కంపెనీలో ఉద్యోగం చేస్తూ హైదరాబాదులో పదేళ్ళు ఉన్నాడు. మేమిద్దరం మంగళవారాలు ఆఫీసు వదలగానే బౌలింగ్ హాల్లో కలుసుకునేవాళ్ళం, ఎందుకంటే ఆ రోజు మూడు గేములు రెండింటి ధరకే. అద్దె బూట్లు ఎప్పుడూ తడిగా ఉండేవి. సమోసాలు ఎప్పుడూ చల్లారి ఉండేవి. సత్యం ఆట మొదలుపెట్టే ముందు నేల మీద బోర్లా పడుకుని, గడ్డం ఆనించి, లైటు వెలుగులో నూనె మెరుపు ఎక్కడ ఆగిపోయిందో చూసేవాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వేవాళ్ళు. లేచి చొక్కా దులుపుకుని "ఓబులేసుగారూ, ఇవాళ తొమ్మిదో పలక మీంచి వెయ్యండి" అనేవాడు. వేస్తే పది పిన్నులూ పడేవి. ఇప్పుడా హాల్లో సోఫాలు అమ్ముతున్నారు. ఆ రోడ్డు మీద బస్సులో వెళ్ళినప్పుడల్లా నేను అటు తల తిప్పను.

పద్దెనిమిదేళ్ళ కిందట ఒక పెద్ద పోటీలో జంటల ఫైనల్ దాకా వెళ్ళాం. చివరి గేములో నా బంతి వంపు తిరగడం మానేసింది. సత్యం దగ్గరికొచ్చి "కుడికి అయిదు పలకలు జరగండి" అన్నాడు. సాయంత్రమయ్యేసరికి అందరూ ఎడమకే జరుగుతారు, నూనె ముందు కుడివైపే ఆరిపోతుంది కాబట్టి. కుడికి జరగమనేవాణ్ణి నేనెప్పుడూ చూడలేదు. జరగనన్నాను. మళ్ళీ చెప్పాడు. మళ్ళీ జరగనన్నాను. నా మొండితనం మా ఇంట్లో సామెత. నాలుగు పిన్నుల తేడాతో ఓడిపోయాం. ఆ తరవాత రెండు నెలలకే సత్యం ఉద్యోగం మానేసి ఊరికి వెళ్ళిపోయాడు. ఆట కూడా మానేశాడని విన్నాను. నా మీద కోపంతో వెళ్ళాడని నాకు నేనే తీర్పు చెప్పుకున్నాను. ఉగాదికి ఒక ఫోను, దసరాకి ఒక ఫోను, అంతే మా స్నేహం.

ఈ ఏడాది యాభై దాటినవాళ్ళకి జాతీయ స్థాయిలో జంటల పోటీ పెట్టారు. ఫారంలో నా పేరు నింపాను. పక్క గడి ఖాళీ. ఆదివారం సాయంత్రంలోగా అందులో ఒక పేరు పడాలి. సత్యం పేరు తప్ప ఇంకో పేరు నాకు తట్టలేదు. ఫోన్లో అడిగితే మర్యాదగా కాదంటాడు, ఆ మర్యాదని నేను దాటలేను. అందుకని గురువారం రైలెక్కాను. ఏ బంతి తీసుకెళ్ళాలో చెప్పమనే వంకతో మూడు బంతులూ వెంటబెట్టుకున్నాను.

కనపడని డిజైను

ఏలూరులో ఒక మాల్ పై అంతస్తులో నాలుగు లేన్లు ఉన్నాయంటే చేతి దురద ఆగలేదు. మేనేజరుని "నూనె ఎన్ని అడుగులు పూస్తారు?" అని అడిగాను.

"నూనె ఎందుకండీ? పిల్లలు జారి పడిపోరాండీ?"

రోజూ పొద్దున ఫినాయిల్ పెట్టి తుడిపిస్తారట. నా నల్ల బంతి వెయ్యగానే పది అడుగుల్లో పట్టు దొరికించుకుని, ఎడమకి తిరిగి, నేరుగా లేను పక్కనున్న కాలవలో పడింది. పక్క లేనులో రెండు చేతులతో బంతిని నెట్టిన పాప నాకంటే ఎక్కువ పిన్నులు పడగొట్టింది. వాళ్ళ అమ్మ నన్ను ఓదార్చడానికి పాప్‌కార్న్ ఇచ్చింది. పైగా ఉక్కకి వేళ్ళు ఉబ్బి, బొటనవేలు బంతి కన్నంలో ఇరుక్కుని తోలు లేచింది. తాడేపల్లిగూడెంలో మంచి లేత్ మేస్త్రీలు ఉన్నారని, కన్నం సరిచేస్తారని మేనేజరే చెప్పాడు.

సాయంత్రం తివాచీలు నేసే వీధికి వెళ్ళాను. ఒకప్పుడు ఇంటింటికీ మగ్గం ఉండేదట. నేను వెళ్ళిన ఇంట్లో ఒకటే ఉంది. మస్తాన్‌గారని డెబ్భై దాటిన మనిషి, ముడి మీద ముడి వేస్తూ, మాట్లాడుతూ కూడా చెయ్యి ఆపలేదు. ఆయన ఎదురుగా గళ్ళ కాగితం మీద గీసిన డిజైను వేలాడుతోంది. నా జేబులోనూ గళ్ళ కాగితమే ఉంది. పోటీవాళ్ళు పంపినది, లేను మీద నూనె ఎక్కడ ఎంత పూస్తారో రంగుల్లో గీసిన పటం. చూపించాను.

"ఇదేం డిజైనండీ?" అన్నారు.

"నూనెదండీ. పూశాక కనపడదు."

ఆయన కళ్ళజోడు ఎత్తి కాగితాన్ని, నన్ను మార్చి మార్చి చూశారు. "కనపడని దానికి ఇంత కాగితం ఎందుకండీ?" అని మళ్ళీ ముడి వేసుకున్నారు.

కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. రాత్రి హోటల్లో పెసరట్టు ఉప్మా తిన్నాను, యాభై రూపాయలు. అల్లం పచ్చడి అడిగితే రెండోసారీ వేశారు, మూడోసారీ వేశారు. మా వైపు రెండోసారికే మొహం చూస్తారు.

తాడేపల్లిగూడెం

నిజం చెప్పాలంటే ఏలూరు నుంచి నేరుగా కొల్లేటికి వెళ్ళొచ్చు. గూడెం వెళ్ళడమంటే ఎదురు దిక్కున పోయి మళ్ళీ వెనక్కి రావడమే. కన్నం పని ఒక సాకు. శనివారం వస్తున్నానని మాత్రం ఫోను చేసి, సత్యం మొహం చూడాల్సిన రోజుని ఒక రోజు వెనక్కి నెట్టాను.

బస్సు దిగగానే ఉల్లిపాయల వాసన. ఇక్కడి ఉల్లి మార్కెట్టు చుట్టుపక్కల జిల్లాలన్నిటికీ పెద్ద దిక్కు. లారీలు, గోతాలు, కళ్ళు నులుముకుంటూ నేను. లేత్ షాపు వీర్రాజుగారిది. రైసుమిల్లుల సామాను చేస్తాడు. బంతి చేతిలోకి తీసుకుని మూడు కన్నాల్లోకీ తొంగి చూశాడు.

"ఇదెవరి బొటనవేలి కొలతండీ?"

"నాదే."

"అయితే మీ వేలే మారిందండి. కన్నం అలాగే ఉంది."

లేత్ మీద పెట్టమంటే ఒప్పుకోలేదు. పెన్సిలుకి గరుకు కాగితం చుట్టి, చేత్తోనే కన్నం అంచు రుద్దడం మొదలుపెట్టాడు. నాలుగు రుద్దులు రుద్దడం, వేలు పెట్టి చూడమనడం. "ఇప్పుడెలా ఉందండీ?" "కొంచెం బిగుతు." మళ్ళీ నాలుగు రుద్దులు. పదకొండుసార్లు వేలు పెట్టించాడు. హైదరాబాదులో కన్నం వేసినవాడు ఒక్కసారి కొలిచి పంపించేశాడు. వీర్రాజు వంద రూపాయలు తీసుకుని టీ తెప్పించాడు. ఆ టీ డబ్బులు నన్ను ఇవ్వనివ్వలేదు.

మార్కెట్టు ఎదురుగా పకోడీల కొట్టు. పక్క బల్ల మీద కూర్చున్న ఉల్లి వ్యాపారి, పంచె కట్టుకున్న పెద్దమనిషి, ఎటు ప్రయాణం అని అడిగాడు. కొల్లేటి లంకలో స్నేహితుడి దగ్గరికన్నాను.

"చూసి ఎన్నాళ్ళయిందండీ?"

"పద్దెనిమిదేళ్ళు."

ఆయన పకోడీ ప్లేటు పక్కన పెట్టాడు. "మరి ఇక్కడ కూర్చున్నారేంటండీ?"

మెత్తగానే అన్నాడు. నేనూ ప్లేటు పక్కన పెట్టేశాను. ఆయన నన్ను తన కొట్టుకి తీసుకెళ్ళి, వట్టి చేతులతో వెళ్ళకూడదని అయిదు కిలోల ఉల్లిపాయలు తనే ఏరి ఇచ్చాడు. ఒక్కోదాని మెడ బొటనవేలితో నొక్కి చూశాడు. మెడ గట్టిగా ఉంటే నిలవ ఉంటుందట, మెత్తబడితే లోపల కుళ్ళు మొదలైనట్టేనట. రంగు చూసి ఎప్పుడూ కొనకండి అని చెప్పాడు. డబ్బులు మాత్రం మార్కెట్టు ధరే తీసుకున్నాడు, దానికి నేనేమీ అనుకోలేదు.

గుండుగొలను మలుపు

శనివారం పొద్దున గుండుగొలను దగ్గర హైవే దిగి ఆటో మారుతుంటే ఉల్లిపాయల సంచి చిరిగింది. టీ కొట్టు దగ్గరున్న నలుగురూ లేచి ఏరిపెట్టారు. ఒకాయన తన భుజం మీది తువ్వాలు తీసి మూటకట్టి ఇచ్చాడు. తువ్వాలు ఎలా తిరిగి ఇవ్వాలని అడిగితే "ఈ దారినేగా వస్తారు, ఇక్కడిచ్చేయండి" అన్నాడు.

అక్కణ్ణించి దారి పల్లానికి దిగుతుంది. ముందు వరి, తరవాత వరి తగ్గి చేపల చెరువులు, తరవాత అన్నీ చెరువులే. ఏది సరస్సు, ఏది చెరువు, ఏ గట్టు ఎవరు వేశారు అన్నది ఇక్కడ ఇప్పటికీ తగువే. ఆటో అతను గట్లు చూపిస్తూ చెప్పాడు గానీ ఎవరి పక్షమూ పలకలేదు. నీళ్ళలో వెదురుబొంగులు పాతి, వాటికి తవుడు సంచులు కడతారు. సంచికి చిన్న చిన్న చిల్లులుంటాయి, చేపలు వచ్చి వాటిని పొడుచుకుని తింటాయి. బొంగుల మీద గూడబాతులు బారులుగా కూర్చుని తమ వంతు కోసం చూస్తున్నాయి. బిందెడు నీళ్ళ కోసం మైలు నడిచిన ఊళ్ళో పుట్టినవాణ్ణి. ఇన్ని నీళ్ళు ఒక్కచోట చూస్తే నాకు ఇప్పటికీ ఎవరో దుబారా చేస్తున్నారనిపిస్తుంది.

సత్యం

గట్టు మీద నిలబడి ఉన్నాడు. జుట్టు తెల్లబడింది, పొట్ట వచ్చింది. నేను దిగి ఏం మాట్లాడాలో వెతుక్కుంటుంటే నా సంచి వైపు చూసి, "మూడే తెచ్చారాండీ?" అన్నాడు.

నాకు ఏడుపొచ్చినంత పనయింది. ఇన్నేళ్ళలో నన్ను ఒక్కసారి 'నువ్వు' అనలేదు, ఇప్పుడూ అనలేదు. నేనేమో మొదటి రోజు నుంచీ అతన్ని నువ్వనే అంటాను. మా వైపు స్నేహితుణ్ణి మీరంటే తగువు పడ్డట్టు లెక్క.

అతని భార్య మంగతాయారు గుమ్మంలోకి వచ్చింది. "దారి తెలిసిందాండీ అన్నయ్యగారూ ఇన్నాళ్ళకి?" అని చెంబుతో నీళ్ళిచ్చింది. ఉల్లిపాయల మూట విప్పి, ఒకదాని మెడ నొక్కి చూసి, బాగున్నాయని తలూపింది.

మధ్యాహ్నం బొచ్చె చేప పులుసు. నిన్న రాత్రే వండిపెట్టిందట. చేపల పులుసు మర్నాటికి గానీ రుచి రాదని ఇక్కడివాళ్ళ నమ్మకం, తిన్నాక నాదీ అదే. మా ఇంట్లో చేప అంటే ముళ్ళు లేని ముక్క. ఇక్కడ ముల్లున్న ముక్కే పెద్దలకి వేస్తారు. నేను ఒక్కో ముల్లూ తీసి కంచం అంచున పేరుస్తుంటే మంగతాయారు చూసి ఊరుకోలేక, "నోట్లోనే తియ్యాలండి అన్నయ్యగారూ, చేత్తో తీస్తే రాత్రవుద్ది" అంది. ఆవిడ చెప్పినట్టే చేసి గొంతులో ఒక ముల్లు గుచ్చుకున్నాను. అన్నం ముద్ద మింగించారు.

భోజనం కాగానే అడిగేశాను. ఫోన్లో ఫారం చూపించాను. సత్యం ఫోను తీసుకుని, ఖాళీ గడిని చూసి, తిరిగిచ్చేశాడు.

"పట్టుబడి ఉందండి" అన్నాడు. చెరువులో చేపలన్నీ వల వేసి పట్టి అమ్మే పనిని అలా అంటారు. "అయినా ఈ వయసులో ఆటెందుకండీ. మీరు ఇంకెవరినైనా చూసుకోండి."

మంగతాయారు కంచాలు తీస్తూ ఒక్క క్షణం ఆగింది, లోపలికి వెళ్ళిపోయింది.

గంగాళంలో బంతి

చెరువు గట్టు మీద సత్యం మకాం ఉంది. మకాం అంటే ఒక గది, రెండు మంచాలు, మేత బస్తాలు. అక్కడికి బంతులు మోసుకెళ్ళాం. ఆడనన్న మనిషి బంతులు చూడగానే పాత సత్యం అయిపోయాడు. నూనె పటం మంచం మీద పరిచాడు.

"నూనె నలభై మూడు అడుగులండి. ముప్పై ఒకటి తీసెయ్యండి. పన్నెండు. మీ బంతి పన్నెండో పలక దగ్గర వంపు తిరగాలి. అంతకంటే బయటికి పోతే వెనక్కి రాదు."

ఆ లెక్క నేను మర్చిపోయి చాలా ఏళ్ళయింది. నీలం బంతి మీద గోరు గీశాడు. పైభాగం గరుకుగా ఉంది. మొదటి మూడు గేములు దీంతో వెయ్యమన్నాడు, నూనె నిండుగా ఉన్నప్పుడు గరుకు బంతికే పట్టు దొరుకుతుందట. లేను ఆరడం మొదలయ్యాక నున్నటి నల్ల బంతి తీసి, కాళ్ళు రెండు పలకలు ఎడమకి జరపాలి. పసుపుపచ్చది ప్లాస్టిక్‌ది, అది నూనె తాగదు, వంపు తిరగదు. మూలల్లో మిగిలిపోయిన ఒంటరి పిన్నుని నేరుగా కొట్టడానికి అదొక్కటే. అంతా చెప్పి నల్ల బంతిని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"దీనికి కడుపు నిండిపోయిందండి. ఎన్నాళ్ళయింది వేణ్ణీళ్ళలో పెట్టి?"

ఎప్పుడూ పెట్టలేదన్నాను. నన్ను తిట్టడానికి అతనికి మర్యాద అడ్డొచ్చింది. గంగాళంలో నీళ్ళు కాచాడు. చెరువు నీళ్ళ వేడి చూసే గాజు గొట్టం తెచ్చి ముంచాడు. నీళ్ళు మరీ మరిగితే బంతి పగులుతుంది, చల్లారితే నూనె రాదు. చల్లనీళ్ళు కొంచెం కొంచెం పోసి సరిచేసి, కన్నాలకి టేపు వేసి, బంతిని మెల్లగా దించాడు. ఇద్దరం చెరో పక్కన గొంతుక్కూర్చున్నాం. కాసేపటికి బంతి ఒంటి మీద సన్నటి చుక్కలు పుట్టాయి. పైకి తేలి నీటి మీద పొరగా పరుచుకున్నాయి. సత్యం ఆ పొరని వేలితో పక్కకి తీసి, వేలు చూసుకుంటూ కూర్చున్నాడు.

నేనిక ఆగలేకపోయాను. "ఆ రోజు నువ్వు చెప్పినట్టు జరగలేదు. తప్పు నాదే. పద్దెనిమిదేళ్ళు లోపల కుమిలాను. నా మీద కోపంతోనే కదా ఆట మానేశావు?"

అతను తల ఎత్తాడు. నేను ఏదో తెలియని భాష మాట్లాడినట్టు చూశాడు.

"మీ మీద కోపమేంటండీ? కారణం చెప్పకుండా కుడికి జరగమంటే ఎవరు జరుగుతారండీ?"

అప్పుడు చెప్పాడు. ఫైనల్‌కి ముందు రోజు ఇద్దరి బంతులూ అతని ఇంట్లోనే ఉన్నాయి. మంగతాయారు ఊరు వెళ్ళి, కొల్లేటికోట అమ్మవారికి మొక్కుకుని, చెప్పుల్లేకుండా నడిచి, అమ్మవారి దీపం నూనె సీసాలో పట్టుకుని రాత్రి బస్సుకి వచ్చింది. కొత్తది ఏది మొదలుపెట్టినా ఆ నూనె రాయడం వాళ్ళ ఇంట్లో ఆచారం. పడవకి రాస్తారు, వలకి రాస్తారు. ఆవిడ నా బంతికీ, సత్యం బంతికీ నిండా పట్టించి, పసుపు అద్దిన రవికె గుడ్డల్లో చుట్టి దేవుడి దగ్గర పెట్టింది. తెల్లారేదాకా బంతులు ఆ నూనె తాగుతూనే ఉన్నాయి. పొద్దున చూసి అతను స్పిరిట్ పెట్టి తుడిచాడు. పోయిందనే అనుకున్నాడు. చివరి గేముకి బంతి వేడెక్కి లోపలి నూనె పైకి వచ్చింది. నా బంతి ఎందుకు వంపు తిరగడం లేదో ఆ హాల్లో తెలిసినవాడు అతనొక్కడే. లేను బయటి అంచున నూనె తక్కువ కాబట్టి కుడికి జరగమన్నాడు. ఎందుకో చెప్పలేదు. రెండో వరసలో మంగతాయారు కూర్చుని ఉంది.

"ఎలా చెప్పనండీ? కాళ్ళు బొబ్బలెక్కి ఉన్నాయి ఆవిడకి. మీరు ఓడింది ఆవిడ మొక్కు వల్లని చెప్పనా?"

"ఇంటికెళ్ళాకైనా?"

"ఓడామని మీకంటే ఎక్కువ ఏడ్చిందండి. ఇక నోరెలా వస్తుంది? నేను మళ్ళీ ఆడితే మళ్ళీ నూనె తెస్తుంది. వద్దనలేను, ఎందుకో చెప్పలేను. అందుకని ఆటే మానేశానండి. పట్టుబడీ లేదు ఏమీ లేదు, అది వచ్చే నెల."

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. రెండూ చేశాను. నా మొండితనమే మమ్మల్ని ఓడించిందని నమ్మి పద్దెనిమిదేళ్ళు గడిపినవాణ్ణి, అది కాదని తెలిస్తే తేలికపడాలి కదా. అదేమీ జరగలేదు. ఈ మనిషి ఇష్టమైన ఆటని పద్దెనిమిదేళ్ళు ముట్టుకోకుండా ఉన్నాడన్నదే గుండెకి పట్టుకుంది. ఇక బలవంతపెట్టడానికి నాకు మొహం లేదు. పొద్దుటిదాకా ఆలోచించి, ఒక్కడినే ఆడే పోటీకి ఫారం మార్చుకుందామనుకున్నాను.

ఆదివారం

పొద్దున బయల్దేరుతుంటే మంగతాయారు పళ్ళెం పట్టుకుని వచ్చింది. సత్యం నా వైపు చూశాడు. నాకు అర్థమయింది.

"బంతులు తియ్యండి అన్నయ్యగారూ."

నేను పసుపుపచ్చ బంతి తీసి అరుగు మీద పెట్టాను. ప్లాస్టిక్‌కి ఎంత నూనె రాసినా పరవాలేదు. లోలోపల నా తెలివికి నేనే మురిసిపోయాను.

"మిగతా రెండూ తియ్యండి."

తీశాను. ఆవిడ కూర్చుని, వేలి కొనతో ఒక్కో బంతికి కన్నాల పక్కన కుంకుమ బొట్టు పెట్టింది. మినపగింజంత బొట్టు. పళ్ళెంలో చూశాను. నూనె సీసా లేదు.

"అంతేనా అమ్మా?" అన్నాను, నోరు జారి.

"అంతేనండి. బంతికి నూనె పడదు కదండీ."

సత్యం గుమ్మం పట్టుకుని నిలబడిపోయాడు. ఆవిడ అతని వైపు చూడకుండా, వేలికున్న కుంకుమ పళ్ళెం అంచుకి తుడుచుకుంటూ నాతోనే చెప్పింది.

"ఏడెనిమిదేళ్ళయిందండి తెలిసి. ఫోన్లో వంటలు చూస్తంటే మధ్యలో మీ బంతి లాంటిది వేణ్ణీళ్ళలో పెట్టడం వచ్చిందండి. ఎందుకా అని మొత్తం చూశాను. ఆ రోజంతా అన్నం తినలేదండి నేను."

"మరి సత్యాన్ని అడగలేదా?"

"నా కోసం దాచారు. అడిగితే ఆయన దాచిందంతా వృథా అయిపోద్దని అడగలేదండి. నిన్న ఈయన పట్టుబడి అన్నప్పుడు తెలిసిందండి, ఇంకా దాస్తానే ఉన్నారని." అప్పుడు తల తిప్పి భర్తని చూసింది. "పేరు రాయించండి. వచ్చే నెల పట్టుబడికి మీరు లేకపోయినా నేను చూసుకుంటాను."

సత్యం గుమ్మం వదిలాడు. వచ్చి అరుగు మీద ఆవిడ పక్కన కూర్చున్నాడు. మొహం రెండు చేతుల్లో పెట్టుకున్నాడు.

నేను ఫోను తీసి ఖాళీ గడిలో అతని ఇంటిపేరు, పేరు, ఫోను నంబరు కొట్టాను. జంట ఆటగాడు ఒప్పుకున్నట్టు అతని ఫోనుకి ఆరంకెల నంబరు వస్తుందని, అది ఇక్కడ నింపమని ఫారం అడిగింది. సత్యం చొక్కా జేబులో ఫోను మోగింది. అతను చేతులు తియ్యలేదు. మంగతాయారు ఆ జేబులోంచి ఫోను తీసి, కళ్ళకి కొంచెం దూరంగా పట్టుకుని, ఒక్కో అంకే చదివింది. నేను ఒక్కో అంకే కొట్టాను.